నాన్న వదిలేసిన ఖాళీ

మొన్న సంక్రాంతికి పాయకరావుపేట వెళ్ళాను. కనుమ నాడు మధ్యాహ్నం, గారెలూ మాంసం కూరా తిని అందరూ తలో మూలా నడుం వాల్చిన వేళ, మా అక్క కూతురు లాప్‌టాప్ పట్టుకుని అరుగు మీదకొచ్చింది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. సెలవులు అవ్వగానే ల్యాబ్ పరీక్ష ఉందట.

"మావయ్యా, నువ్వు ఇరవై ఏళ్ళ నుంచి ఈ జావా మీదే కదా బతుకుతున్నావ్. ఒక్కటి చెప్పు. ఈ అబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌కి పేరుంటుంది, చివర సెమికోలన్ ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. ఏమీ లేనప్పుడు అది రాయడం ఎందుకు?"

నవ్వేశాను గానీ, లోపల ఎక్కడో చురుక్కుమంది. 2002లో హైదరాబాదులో ఒక ఏసీ గదిలో ఇంచుమించు ఇదే ప్రశ్న నన్ను అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడం తప్పు కాదు. ఆ రోజు నేనొక అబద్ధం కూడా ఆడాను. ఆ సంగతి ఈ పిల్లకి తెలీదు. ఇంట్లో ఎవరికీ తెలీదు.

"లోపలికి రా. మగ్గం దగ్గర చెబుతాను" అన్నాను.

మా ఇంటి వెనక గదిలో గుంట మగ్గం ఇంకా ఉంది. నాన్న పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు దాని మీద అన్నయ్య నేస్తున్నాడు. పండగని పడుగు మీద పాత దుప్పటి కప్పి ఉంచాడు. ఒకప్పుడు మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడు వినిపించేది. చప్పుడు ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదనో, షావుకారు నూలు ఇవ్వలేదనో అనుకునేవాళ్ళం.

గోడకి మేకుకి తగిలించి గళ్ళ కాగితం ఒకటి ఉంది, ముదిరి పసుపు రంగుకి తిరిగింది. నాన్న పెన్సిలుతో గళ్ళు నింపిన మామిడిపిందె బుటా.

"ఇదేంటి?" అన్నాను.

"డిజైను."

"కట్టుకోగలవా?"

"కాగితాన్ని ఎవరైనా కట్టుకుంటారా మావయ్యా!"

"అదే క్లాసంటే. ఆ కాగితం చూసి నేసిన చీర ఆబ్జెక్టు. కాగితం ఒక్కటే, చీరలు ఎన్నైనా నెయ్యొచ్చు. ఒకదానికి ఎరుపు నూలు, ఒకదానికి ఆకుపచ్చ. ఒకటి చిరిగితే రెండోది చిరగదు. కానీ కాగితం మీద ఒక గడి తప్పు నింపావనుకో, ఆ తర్వాత నేసే ప్రతి చీరలోనూ అదే తప్పు వస్తుంది."

కంప్యూటర్ గొడవ లేని పాఠకులు ఇంతవరకు అర్థం చేసుకుంటే చాలు, సగం చదువు అయినట్టే. ప్రోగ్రామంటే కంప్యూటర్‌కి వరసగా ఇచ్చే ఆజ్ఞలు. ఆజ్ఞలు వేలల్లోకి, లక్షల్లోకి పెరిగినప్పుడు ఏది దేనికోసమో తెలియక గందరగోళమవుతుంది. అందుకని ఒక వస్తువుకి సంబంధించిన వివరాలూ, అది చేసే పనులూ ఒకచోట కట్టి పెడతారు. ఆ కట్టకి నమూనా క్లాసు. అది చేసే ఒక్కో పనీ ఒక్కో మెథడ్.

ఇక రెండో మాట ఇన్‌హెరిటెన్స్. దీన్ని తెలుగులో వారసత్వం అంటున్నారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. మన ఊళ్ళలో వారసత్వమంటే పంపకం. నాలుగు సెంట్ల స్థలం ఇద్దరు కొడుకులకి పంచితే చెరో రెండు సెంట్లు, మధ్యలో గోడ, గోడ మీద తగువు. జావాలో అలా కాదు. తల్లి క్లాసులో పది పనులుంటే, పిల్ల క్లాసులు వంద ఉన్నా వందకీ ఆ పదీ వస్తాయి. తల్లి దగ్గర తరగదు. నచ్చని పనిని పిల్ల తన పద్ధతిలో తిరగరాసుకోవచ్చు, దాన్ని ఓవర్‌రైడ్ అంటారు. కొత్త పనులు చేర్చుకోవచ్చు. తల్లి మాత్రం పిల్ల దగ్గర్నుంచి ఏమీ తీసుకోదు. ఈ చివరి ముక్క ఒక్కటే మన ఇళ్ళకి దగ్గరగా ఉంది.

"పట్టుచీర ఒక రకం చీర. నూలు చీర ఇంకో రకం చీర. అలా 'ఒక రకం' అని అనగలిగితేనే ఇన్‌హెరిటెన్స్ పెట్టు. మన ఇంట్లో మగ్గం ఉంది కదాని ఇల్లు ఒక రకం మగ్గం అయిపోదు" అన్నాను. నవ్వింది గానీ, ఈ తప్పు పెద్దపెద్ద కంపెనీల ప్రోగ్రాముల్లో కూడా చూశాను. వాడుకోవడానికి దగ్గర పెట్టుకుంటే సరిపోయేదాన్ని తండ్రిని చేసేస్తారు. 1994లో నలుగురు రచయితలు కలిసి రాసిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం ఈ విషయంలోనే హెచ్చరించింది. వారసత్వం కన్నా ఒకదానిలో ఒకటి అమర్చుకోవడం మేలంది.

"మరి తండ్రిని మార్చొచ్చా మావయ్యా?"

"మన మండలాన్నే మార్చేశారు కదే!" అన్నాను. ఇది మా ఊరివాళ్ళకి బాగా తెలిసిన ఉదాహరణ. తాండవ నదికి ఇవతల మేము, అవతల తుని. 2022 ఏప్రిల్ 4కి ముందు మేము విశాఖపట్నం జిల్లా, తుని తూర్పు గోదావరి జిల్లా. ఆ రోజు నుంచి మేము అనకాపల్లి జిల్లా, వాళ్ళు కాకినాడ జిల్లా. ఇల్లు కదల్లేదు, ఏరు కదల్లేదు. జావాలో అయితే క్లాసు పేరు పక్కన 'ఎక్స్‌టెండ్స్' అని రాసి తండ్రి పేరు రాస్తారు. ఆ ఒక్క పేరు కొట్టేసి ఇంకో పేరు రాసినట్టు. కాకపోతే అన్ని కాగితాల మీదా జిల్లా పేరు మార్పించుకోవడానికి తిరిగింది మనుషులు. ప్రోగ్రాములో కూడా అంతే, తండ్రి పేరు మార్చడం ఒక్క ముక్క, దాని వెనక సర్దుకోవడం నెల రోజులు.

జావాలో ఒక క్లాసుకి ఒక్క తల్లి క్లాసే ఉండాలి. సి ప్లస్ ప్లస్‌లో ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాని బయటకి తెచ్చినప్పుడు ఆ వెసులుబాటు కావాలనే తీసేశారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే పనిని రెండు రకాలుగా నేర్పితే పిల్ల ఎవరి మాట వినాలన్నదే తగాదా. మా ఆవిడది భీమవరం వైపు. మా ఇంట్లో పప్పుచారు విషయంలో ఆ తగాదా ఇరవై ఏళ్ళుగా తెగలేదు.

అసలు ఈ ఆలోచన ఎక్కడిదో కూడా చెప్పాలనిపించింది. 1960లలో నార్వే దేశంలో, ఓస్లో నగరంలోని నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అని ఇద్దరు పనిచేసేవారు. వస్తువులు, మనుషులు, బారులు, రాకపోకలు... వీటిని కంప్యూటర్‌లో అనుకరించి చూడటం వాళ్ళ పని. దానికోసం సిమ్యులా అనే భాష తయారుచేశారు. ఒక వంతెన, దాని దగ్గర టోలు గేటు, అక్కడ బారు కట్టిన వాహనాలు అనే సమస్య వాళ్ళ ఆలోచనల్లో ఉండేదట. బారులో నిలబడ్డంతవరకు లారీ అయినా బస్సు అయినా ఒకటే, రెండూ వాహనాలే. కానీ దేని బరువు దానిది, దేని లెక్క దానిది. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకచోట రాసి, తేడాలు మాత్రం విడివిడిగా రాస్తే? సిమ్యులా 67లో క్లాసులు, ఉపక్లాసులు అలా వచ్చాయి. వివరం పిల్ల క్లాసుకి వదిలేసే పద్ధతి కూడా అందులోనే ఉంది.

"అంటే మన వేంపాడు టోలుగేటే" అంది పిల్ల. నక్కపల్లి దగ్గర హైవే మీద ఉన్నది. కారుకి ఒక రేటు, లారీకి ఒక రేటు. నిజమే, అంతకన్నా మంచి ఉదాహరణ నాకూ తట్టలేదు. గేటు అడిగేది ఒకటే మాట, 'టోలు కట్టు' అని. ఎవరు ఎంత కట్టాలో వాహనాన్ని బట్టి తేలుతుంది. 

ఆ ఇద్దరికీ 2001 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. 2002లో ఆరు వారాల తేడాలో ఇద్దరూ కన్నుమూశారు. అప్పుడు నేను అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, నూటయాభై మంది కుర్రాళ్ళ మధ్య చెమటలు కక్కుతూ వాళ్ళు కనిపెట్టిన పాఠమే రాసుకుంటున్నాను. మాలో ఒక్కరికీ వాళ్ళ పేర్లు తెలీవు. మాకు కావలసింది ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు. జెరాక్సు కాగితాలు తెచ్చుకుని, గోంగూర పచ్చడి లాగా నూరేసి మింగేవాళ్ళం.

సరే, ఖాళీ మెథడ్ సంగతి.

దుప్పటి తీసి పడుగు చూపించాను. "చీర నేయాలంటే వరస ఏంటి?" అని అడిగాను. తాతయ్య దగ్గర పెరిగిన పిల్ల, గడగడా చెప్పేసింది. చిలప నూలుకి రంగు అద్దాలి, ఆసు పోయాలి, గంజి పెట్టాలి, అచ్చు అతకాలి, కండెలు చుట్టాలి, అప్పుడు నాడె ఆడించాలి.

"ఈ వరస మారుతుందా?"

"ఎలా మారుతుంది? అచ్చు అతకకుండా నేస్తారా?"

"మరి ఈ వరసని తల్లి క్లాసులో ఒక్కసారి రాసేస్తాం. ఏ చీరకైనా అదే. ఇప్పుడు కొంగు సంగతి చెప్పు. కొంగు ఎలా వేస్తారు?"

"ఏ చీరకి?"

"ఊరికే చీరకి."

"ఊరికే చీరకంటే ఎలా చెప్పను? జాకార్డు చీరయితే అట్టలు కడతారు. ఉప్పాడ జామ్దానీ అయితే చేత్తో ఒక్కో పోగూ ఎత్తి వేస్తారు. సాదా చీరయితే రంగు మారుస్తారంతే."

"చూశావా? కొంగు ఉండి తీరాలి. కొంగు లేకపోతే అది చీర కాదు. కానీ ఎలా వెయ్యాలన్నది 'చీర' అనే మాట దగ్గర నిలబడి చెప్పలేం. అందుకని తల్లి క్లాసు ఏం చేస్తుందంటే, కొంగు అని పేరు రాసి, సెమికోలన్ పెట్టి ఊరుకుంటుంది. 'నా కడుపున పుట్టే ప్రతి చీరా కొంగు వెయ్యాలి, ఎలా వేస్తారో మీ ఇష్టం' అని. అదీ అబ్‌స్ట్రాక్ట్ మెథడ్."

కాసేపు ఊరుకుంది. తర్వాత తనే అడిగింది. "అందుకేనా అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకి ఆబ్జెక్టు చెయ్యనివ్వదు?"

"అందుకే. కొంగు ఏదో తేలకుండా మగ్గం మీంచి చీర కోసి మడత పెట్టగలమా?"

ఇంత తేలిక మాట చెప్పలేక నేను ఆ రోజు తెల్లమొహం వేశాను.

ఆ ఇంటర్వ్యూ సంగతి ఇరవై రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఎందుకో ఆ పిల్లకి చెప్పాను. అడిగినాయన పెద్దవాడు, తెలుగువాడే. అబ్‌స్ట్రాక్ట్ క్లాసంటే ఏమిటన్నాడు. జెరాక్సు కాగితంలో ఉన్న వాక్యం ఇంగ్లీషులో అప్పచెప్పాను. ఆబ్జెక్టు ఎందుకు చెయ్యకూడదన్నాడు. అదే వాక్యం మళ్ళీ అప్పచెప్పాను. ఆయన నవ్వి నా బయోడేటా తిరగేశాడు.

"పాయకరావుపేటా? తుని పక్కన. అక్కడ నేత పని చేస్తారు కదూ? మీ నాన్నగారేం చేస్తారు?"

నా కాళ్ళకి కొత్త బూట్లు. పక్క కుర్చీలో నాతోపాటు వచ్చినవాడి నాన్న బ్యాంకు ఆఫీసరు, ఇంతకు ముందే చెప్పాడు. నా నోటెంట "బట్టల వ్యాపారం సార్" అని వచ్చింది.

"అలాగా. నేసేవాళ్ళయితే మగ్గం పెట్టి చెప్పమందామనుకున్నాను" అని ఫైలు మూసేశాడు.

ఉద్యోగం రాలేదు. అది కాదు బాధ. ఆ రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేస్తే నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆయాసం వినిపిస్తూనే ఉంది. "ఏం అడిగార్రా?" అన్నాడు.

"నీకు అర్థం కాదులే నాన్నా" అన్నాను.

ఆయన కోర్సు ఫీజు కోసం షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. దానికి జవాబుగా ఎన్ని చీరలు నేశాడో నేను ఎప్పుడూ అడగలేదు.

నాకు నాన్న మీద చిన్నప్పటి నుంచీ ఒక కోపం. అన్నయ్యకి పదేళ్ళప్పుడే మగ్గం ఎక్కించి అన్నీ దగ్గరుండి నేర్పాడు. పోగు తెగితే ఎలా ముడివెయ్యాలి, వానాకాలం గంజి ఎంత చిక్కగా ఉండాలి, అన్నీ. నాకు పదేళ్ళు వచ్చాక నేనూ గుంటలోకి దిగి కూర్చుంటే రెక్క పట్టి పైకి లాగాడు. "నువ్వు దీని జోలికి రాకు" అన్నాడు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. చెప్పడానికి ఆయనకీ తెలీదు. హైదరాబాదు వెళ్ళే రోజు తుని స్టేషన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ కదిలేముందు కిటికీ చువ్వలు పట్టుకుని ఒకే ఒక్క మాట అన్నాడు. "ఇల్లు నిలబడాలిరా. ఎలాగన్నది నన్నడక్కు."

అన్నకి పనంతా చేతికిచ్చి, నాకు ఉత్త మాట మిగిల్చాడని చాలాకాలం అనుకున్నాను.

కానీ పూర్తిగా రాసి ఇచ్చిన పని కూడా సుఖమేమీ కాదు. పవర్‌లూమ్ మీద అచ్చం మా బుటాలాగే దించిన చీర సగం ధరకి దుకాణంలో వేలాడుతుంటే, మజూరీ పెరగక, అన్నయ్య నలభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నదంతా తిరగరాసుకోవలసి వచ్చింది. ఉప్పాడ వైపు వెళ్ళి చేత్తో బుటా ఎత్తడం నేర్చుకుని వచ్చాడు. ఉప్పాడ జామ్దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, గుర్తింపు ఊరికి వచ్చినంత తొందరగా మజూరీ చేతికి రాదని అన్నయ్య అంటాడు. ఉన్నదాన్ని మార్చుకోవడం, లేనిదాన్ని రాసుకోవడం... రెండింటిలో ఏది కష్టమో నాకిప్పటికీ తేలలేదు. అక్కకి నాన్న ఏదీ చెప్పలేదు, ఆ మాట కూడా చెప్పలేదు. ఆడపిల్లని లెక్కలో పెట్టలేదేమో. కానీ తునిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టి ఆయన ఆఖరి రెండేళ్ళ మందుల ఖర్చు సగం భరించింది అక్కే. నెల మొదట్లో అమ్మ ముగ్గురికీ ఫోన్ చేసి ఒకటే మాట అడిగేది, "డబ్బులు సర్దుతారా?" అని. నేను జీతంలోంచి పంపేవాణ్ణి, అన్నయ్య షావుకారుని అడిగి తెచ్చేవాడు, అక్క గల్లాపెట్టె బోర్లించేది. ఎలా తెచ్చారని అమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా చెబుతుంటే గుమ్మం దగ్గర చప్పుడైంది. అమ్మ. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విందో.

"మీ నాన్నది బట్టల వ్యాపారమని చెప్పావా?" అంది.

నేను తల దించుకున్నాను.

"వ్యాపారమేటిరా! నూలు షావుకారుది, చీర షావుకారుది. ఆయనవి కాళ్ళూ చేతులూ" అని గ్లాసు నా చేతిలో పెట్టింది. పెడుతూ ఎందుకో నవ్వింది. "అప్పుడే చెప్పుంటే నవ్వుకునేవాడు. తాగండి, చల్లారిపోతుంది."

పిల్ల అప్పటికే మగ్గం పలక మీద లాప్‌టాప్ పెట్టేసుకుని టైపు చేస్తోంది. అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ చీర. అందులో వరసంతా ఒక మెథడ్. కొంగు అని పేరు, సెమికోలన్. కింద జామ్దానీ ఎక్స్‌టెండ్స్ చీర అని రాసి రన్ చేసింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. జామ్దానీ కొంగు రాయలేదు కనక ఒప్పుకోనంది.

"మర్చిపోయాను" అని నాలుక్కరుచుకుంది.

అరుగు మీద నిద్ర లేచిన అన్నయ్య లోపలికొచ్చి, మగ్గం మీద లాప్‌టాప్ చూసి, "పలక మీద టీ ఒలకనివ్వకండి, రేపు పని ఉంది" అని దుప్పటి సర్దాడు. పిల్ల తలెత్తి, "పెద్ద మావయ్యా, జామ్దానీ కొంగుకి ముందు ఏం చేస్తావ్? వరసగా చెప్పు" అంది. అన్నయ్య నా వైపు చూశాడు. ఇదేం పరీక్షరా అన్నట్టు. తర్వాత గుంటలోకి కాళ్ళు పెట్టి కూర్చుని, ఒక పోగు వేలితో ఎత్తి పట్టుకుని చెప్పడం మొదలెట్టాడు.